కౌంటీ ప్రదర్శనకు బాలసంఘాల సన్నాహం : ఒక పరిశీలన

ప్రదర్శనను ఉర్దూలో నుమాయిష్ అంటారు. హైదరాబాదు నగరవాసులకు తెలుగు మాటకంటె ఈ మాటయే ఎక్కువ పరిచితం. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు స్థానిక పరిశ్రమల ఉత్పత్తులను ప్రజలకు చూపవలెనన్న తలంపుతో బాగే ఆమ్‌లో ఒక చిన్న ప్రదర్శనను ఏర్పాటు చేసినారు. అదే క్రమంగా పెరిగి నేటి నాంపల్లి నుమాయిష్ అయినది. దానిని నిర్వహించే సంఘం అనేక విద్యాసంస్థలను కూడా నడుపుతున్నది. కనుక ప్రదర్శనకూ విద్యకూ సంబంధమున్నదన్న సంగతి మనకు కొత్త కాదు.

అయితే విద్యార్థులు తయారుచేసిన వస్తువులను ప్రదర్శించునప్పుడు ఒక ప్రశ్న తప్పక ఎదురవుతుంది. బల్లమీద పెట్టిన వస్తువు ఎంత అందంగా ఉన్నదో చూడవలెనా? లేక దానిని చేయుటలో విద్యార్థి ఎంత నేర్చుకొన్నాడో చూడవలెనా? ఈ ప్రశ్నకు నూరేండ్లకు పైగా ఆచరణలో సమాధానం వెదకుతున్న ఒక సంప్రదాయం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఉన్నది. అచ్చటి 4-హెచ్ బాలసంఘాల సభ్యులు ఏడాది పొడుగునా చేసిన పనిని వేసవి చివర తమ కౌంటీ ప్రదర్శనకు తెస్తారు. ఆ సన్నాహం ఎట్లు జరుగుతుందో, అందులో మనకు పనికివచ్చే అంశాలేవో ఈ వ్యాసంలో వివరించదలచినాము.

కౌంటీ ప్రదర్శన పుట్టుక

కౌంటీ అనగా రాష్ట్రంలో ఒక పాలనా విభాగం. స్థూలంగా మన జిల్లా వంటిది. కౌంటీ ప్రదర్శన అనగా మన పశువుల సంత, తిరునాళ్లు, నుమాయిష్ మూడూ ఒకచోట కలిసినట్లుండే ఉత్సవం. దీనికి మూలపురుషుడుగా ఎల్కానా వాట్సన్ పేరు చెప్తారు. ఆయన మసాచుసెట్స్ రాష్ట్రంలోని పిట్స్‌ఫీల్డ్ ఊరిలో 1807లో రెండు మెరీనో గొఱ్ఱెలను నడివీథిలో చెట్టుక్రింద కట్టి రైతులకు చూపినారు. మేలిజాతి ఉన్ని ఎట్లుండునో కండ్లారా చూచిన రైతులు గుమిగూడినారు. రెండు గొఱ్ఱెలకే ఇంత ఆసక్తి కలిగితే ఊరంతటి పశువులను ఒకచోట చేర్చిన ఎంత మేలు కలుగునో అని ఆయన తలచినారు. 1810లో పశుప్రదర్శన జరిగినది. 1811లో బెర్క్‌షైర్ వ్యవసాయ సంఘం ఏర్పడినది. చూచి నేర్చుకొనుట, పోల్చి నేర్చుకొనుట అనే సూత్రం అక్కడినుండి దేశమంతటా వ్యాపించినది.

బాలసంఘాలు మరి తొంబది ఏండ్లకు వచ్చినవి. ఒహాయో రాష్ట్రంలో గ్రామీణ పాఠశాలల పర్యవేక్షకుడైన ఎ. బి. గ్రాహం 1902 జనవరి 15న స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో సుమారు ముప్పదిమంది బాలబాలికలను సమావేశపరచి ఒక సంఘం స్థాపించినారు. మట్టిని పరీక్షించుట, మొక్కజొన్న విత్తనాన్ని ఎంచుట, పెరటితోట పెంచుట వారి తొలి పాఠాలు. పుస్తకంలో చదివినది పొలంలో చేసి చూడవలెనన్నది గ్రాహం ఆశయం. దీనివెనుక మరొక కారణం కూడా ఉన్నది. విశ్వవిద్యాలయాలు కనుగొన్న కొత్త పద్ధతులను పెద్దవారు అంత త్వరగా నమ్మలేదు. పిల్లవాడు తన చిన్న మడిలో తండ్రి పొలంకంటె మిన్నగా పండించినప్పుడు ఆ తండ్రికి నమ్మకం కుదిరినది.

దక్షిణ కారొలైనా రాష్ట్రపు జెర్రీ మూర్ అనే బాలుడు 1910లో ఒక ఎకరంలో 228¾ బుషెళ్ల మొక్కజొన్న పండించినాడు. బుషెలు గింజ 56 పౌండ్లు. కనుక అది మన లెక్కలో సుమారు 58 క్వింటాళ్లు. ఆనాటి సామాన్య రైతు కలలో కూడా చూడని దిగుబడి అది. అదే ఏడు అదే రాష్ట్రంలోని ఐకెన్ కౌంటీలో మేరీ క్రోమర్ అనే ఉపాధ్యాయిని బాలికల టొమాటో సంఘం స్థాపించినారు. ఒక్కొక్క బాలిక ఎకరంలో పదవవంతు నేలలో టొమాటో పెంచి, పండ్లను నిలువచేసి, అమ్మి, వచ్చిన పైకం లెక్క వ్రాసుకొనవలెను. స్త్రీకి స్వంత సంపాదన అరుదైన కాలంలో ఆ పదవవంతు ఎకరం చిన్న విషయం కాదు.

1914లో స్మిత్-లీవర్ చట్టం వచ్చి, ఈ సంఘాలకు వ్యవసాయ విశ్వవిద్యాలయాల అండ లభించినది. నాలుగాకుల పచ్చని ఆకుగుర్తు వారి చిహ్నం. ఒక్కొక్క ఆకుపై ఒక హెచ్ అక్షరం. వాటి భావం బుద్ధి, హృదయం, హస్తం, ఆరోగ్యం. నాలుగవ ఆకుకు మొదట చురుకుతనం అనే అర్థం చెప్పి, తరువాత ఆరోగ్యమని మార్చినారు. నేడు సుమారు 60 లక్షల బాలబాలికలు తమ కార్యక్రమాలలో పాల్గొనుచున్నారని ఆ సంస్థ చెప్పుచున్నది.

బల్లవద్ద చోటు ఎవరికి?

ఈ చరిత్రలో ఒక చేదు అధ్యాయాన్ని విడిచిపెట్టరాదు. దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతి బాలలకు ఈ సంఘాలు వేరుగా ఉండేవి. వారి శిక్షకులు వేరు, ప్రదర్శనలు వేరు, నిధులు తక్కువ. టస్కీగీ విద్యాలయంలో జార్జ్ వాషింగ్టన్ కార్వర్ రూపొందించిన ఒక బండి 1906 నుండి పల్లెలు తిరుగుతూ పనిముట్లను, విత్తనాలను, పద్ధతులను నల్లజాతి రైతుల వాకిటికే తీసుకొనిపోయినది. ఆ బండిని నడపిన థామస్ మన్రో క్యాంప్‌బెల్ ఆ జాతినుండి నియమింపబడిన తొలి వ్యవసాయ విస్తరణాధికారి. 1927లో రాజధాని వాషింగ్టన్‌లో మొదలైన జాతీయ శిబిరంలో దక్షిణాది నల్లజాతి బాలలకు చోటు దొరకలేదు. 1948లో వారికి వేరుగా ఒక ప్రాంతీయ శిబిరం ఆరంభమైనది. 1964 నాటి పౌరహక్కుల చట్టం తరువాత గాని ఈ వేరుపాటు తొలగుట మొదలుకాలేదు.

ఈ సంగతిని ఇక్కడ చెప్పుటకు కారణమున్నది. చక్కని నియమాలు వ్రాసుకొన్నంతమాత్రాన ప్రదర్శన న్యాయమైనది కాదు. ఆ బల్లవద్దకు ఎవరు రాగలుగుచున్నారన్నది మొదటి ప్రశ్న. వచ్చినవారి పనిని ఏ కొలతతో కొలుచుచున్నారన్నది రెండవ ప్రశ్న. ఈ రెండూ మన వంటి కళాశాలకు మిక్కిలి దగ్గరి ప్రశ్నలు.

పని ఎన్నిక, రికార్డు పుస్తకం

సన్నాహం ప్రదర్శనకు వారం ముందు మొదలుకాదు. చాల రాష్ట్రాలలో 4-హెచ్ సంవత్సరం శరత్కాలంలో, అక్టోబరు ప్రాంతంలో ఆరంభమగును. సభ్యుడు అప్పుడే తన పనిని ఎన్నుకొని పేరు నమోదు చేసుకొనవలెను. కుట్టుపని, వంట, వడ్రంగం, కీటక సేకరణ, ఛాయాచిత్రణం, తోటపని, కోళ్లు, కుందేళ్లు, గొఱ్ఱెలు, పశువులు, నేడు రోబోలు కూడా, ఏదైనా కావచ్చును. మాంసపు పశువులను పెంచువారు అవి తమ అధీనంలోనికి వచ్చిన తేదీని నిర్ణీత గడువులోగా చూపవలెను. ప్రదర్శనకు ముందు ఎవరివద్దనో బలిసిన కోడెను కొని తెచ్చి తనదని చూపుటకు వీలులేకుండ ఈ నియమం పెట్టినారు.

పనితోపాటు రికార్డు పుస్తకం నడచును. అందులో నాలుగు భాగాలు ముఖ్యమైనవి. ఏమి నేర్వదలచినాను అన్న సంకల్పం మొదటిది. తేదీలవారీగా చేసిన పని రెండవది. ఖర్చు, రాబడి మూడవది. చివర సభ్యుడు తన మాటలలో వ్రాసిన సమీక్ష నాలుగవది. ఒక ఉదాహరణ చూతము. ఒక బాలుడు 600 పౌండ్ల కోడెను తెచ్చి 280 రోజులు మేపినాడనుకొందాము. చివర అది 1,300 పౌండ్లు తూగినది. పెరిగినది 700 పౌండ్లు. రోజుకు రెండున్నర పౌండ్లు. ఈ కాలంలో మేత ఖర్చును 700 చేత భాగించిన ఒక్క పౌండు పెరుగుదలకు ఎంత పడినదో తేలును. అమ్మిన ధర అంతకు మించినదా, తగ్గినదా? పన్నెండేండ్ల బాలునికి గణితం, పశుపోషణ, వ్యాపారం మూడూ ఒక్క లెక్కలో అర్థమగును. నష్టం వచ్చినా ఆ లెక్క సరిగా వ్రాసిన పుస్తకానికి విలువ తగ్గదు.

నియమావళిని చదువుట

ప్రతి ప్రదర్శనకు ముందుగా ఒక నియమావళి పుస్తకం వెలువడును. ఏ తరగతిలో ఏ వస్తువు, ఎన్ని, ఏ పరిమాణంలో, ఏ పళ్లెంలో, ఏ దినం ఏ వేళకు తేవలెనో అందులో ఉండును. అయిదు టొమాటోలు అడిగినచోట ఆరు పెట్టినవాడు, ఎంత మంచి పండ్లు తెచ్చినా, వెనుకబడును. ఇది అన్యాయమని పిల్లలకు మొదట తోచవచ్చును. కాని సూచనను చదివి దాని ప్రకారం నడచుట కూడా పనితనంలో భాగమే. ఔషధాల అంగడిలో, ప్రయోగశాలలో, కర్మాగారంలో సూచనను సరిగా చదువని మనిషివల్ల కలుగు నష్టం పళ్లెంతో ఆగదు.

వస్తువులవారీ సన్నాహం

కూరగాయలు. ఇక్కడ పెద్దకాయ గెలుచునని చాలమంది తలంపు. ప్రమాణం వేరు. పళ్లెంలోని కాయలన్నీ పరిమాణంలో, ఆకారంలో, రంగులో, పక్వతలో ఒకదానివలె ఒకటి ఉండవలెను. కనుక అయిదింటికోసం పాతికకాయలు కోసి, ప్రక్కప్రక్కన పెట్టి, ఏరవలెను. బంగాళాదుంపలను కడుగరాదు, ఆరబెట్టి మెత్తని కుంచెతో మట్టి దులుపవలెను. ఉల్లిగడ్డ పొరలను మెరుపుకోసం ఒకటివెంట ఒకటి ఒలువరాదు. నూనె పూసి మెరుగుపెట్టుట తప్పు. తోటమాలి నైపుణ్యం అంతా ఏరుటలో బయటపడును. మొత్తం పంట ఒకేరకంగా పండినవానికే ఏరుట సులభం.

నిలువపదార్థాలు. పండ్లను, కూరలను గాజుసీసాలలో నిలువచేయుట ఆ సంఘాల తొలినాటి విద్య. ఇందులో అందంకంటె ముందు ప్రాణరక్షణ ఉన్నది. క్లోస్ట్రీడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు నీరు మరుగు వేడిమికి చావవు. గాలి చొరని సీసాలో, పులుపు తక్కువైన పదార్థంలో అవి మొలకెత్తి ప్రాణాంతకమైన విషాన్ని పుట్టించును. కనుక చిక్కుడు, మొక్కజొన్న వంటి వాటిని ఆవిరి ఒత్తిడిలో సుమారు 116 సెంటీగ్రేడు డిగ్రీల వేడిమి పొందునట్లు ఉడికింపవలెను. టొమాటో పులుపు సరిహద్దులో ఉండుటచేత పైంటు సీసాకు ఒక పెద్దచెంచా, క్వార్టు సీసాకు రెండు పెద్దచెంచాల సీసా నిమ్మరసం కలుపవలెను. మూతక్రింద విడువవలసిన ఖాళీకి కూడా లెక్క ఉన్నది: జాముకు పావు అంగుళం, పండ్లకు అర అంగుళం, పులుపులేని కూరలకు ఒక అంగుళం. సీసాపై అంటించు చీటీలో పదార్థం పేరు, తేదీ, పద్ధతి, కాలం, ఒత్తిడి, ఊరి ఎత్తు వ్రాయవలెను. ఊరి ఎత్తు ఎందుకని అడుగవచ్చును. ఎత్తుకు పోయినకొలది నీరు తక్కువ వేడిమికే మరుగును. వేయి అడుగులు దాటిన ఊళ్లలో ఉడికించు కాలాన్నిగాని ఒత్తిడినిగాని పెంచవలెను. మన హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 1,780 అడుగుల ఎత్తున ఉన్నది. కనుక ఈ నియమం మన నగరపు వంటింటికి కూడా వర్తించును.

రొట్టెలు, కేకులు. వేసవి ఎండలో చెడిపోవు మీగడ పూతలను చాలచోట్ల అనుమతించరు. మఫిన్ అనే చిన్నకేకును న్యాయనిర్ణేత నిలువునా కోసి చూచును. లోపల సొరంగాలవంటి పొడుగు రంధ్రాలున్నచో పిండిని అవసరానికి మించి కలిపినారని అర్థం. ఎక్కువ కలిపినకొలది గోధుమలోని గ్లూటెన్ బిగిసి, ఆవిరి అందులో దారులు చేసుకొని పైకి పోవును. చేసినవారు ఎదుట లేకున్నా వారి చేతివాటం ఆ కోతలో కనబడును. మన నగరంలో తెల్లవారకముందే బట్టీవద్ద నిలుచు ఉస్తాదులకు ఈ సంగతి పుస్తకం లేకుండనే తెలియును.

కుట్టుపని, వడ్రంగం. న్యాయనిర్ణేత దుస్తులను మొదట తిరగవేసి చూచును. కుట్ల అంచులు ఇస్త్రీ అయినవా, దారపు కొసలు కత్తిరించినారా, అంచుమడత సమంగా ఉన్నదా అన్నది లోపలివైపు చెప్పును. చెక్కపెట్టెను తలక్రిందులు చేసి అడుగును తడిమి చూచును. గరుకు కాగితాన్ని చెక్క ఈనెవెంట నడపినారా, అడ్డంగా గీతలు పడినవా, మిగిలిన జిగురు మరకై రంగును అంటనీయలేదా అని పరిశీలించును. ఎవరూ చూడని భాగాన్ని కూడా శ్రద్ధగా చేయుట ఈ రెండు పనులకు ఉమ్మడి లక్షణం.

కీటక సేకరణ. ఇది చూపుకు చిన్నది, శాస్త్రదృష్టికి పెద్దది. పెంకుపురుగుకు సూదిని కుడి పెంకురెక్క గుండా గ్రుచ్చవలెను. సీతాకోకచిలుకకు ఉరోభాగం నడుమ గ్రుచ్చవలెను. అందరూ ఒకేవిధంగా చేసినప్పుడే పోల్చుటకు వీలగును, ఎడమవైపు అవయవాలు చెడకుండ నిలుచును. ప్రతి సూదికి చిన్న చీటీ ఉండవలెను: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టినారు. చీటీలేని పురుగు ఎంత అరుదైనదైనా శాస్త్రానికి దాదాపు నిరుపయోగం.

పశువులు. ప్రదర్శన మైదానంలో అడుగుపెట్టిన నాడు కోడెకు పలుపు తగిలించిన లాభంలేదు. నెలలముందు నుండి రోజూ కట్టి, తడిమి, నడిపించి, జనసందడికి అలవాటు చేయవలెను. పశువులకు రెండు రకాల పోటీలుండును. ఒకదానిలో పశువు దేహాన్ని, కండను చూచెదరు. రెండవదానిలో దానిని నడిపించు బాలుని నేర్పును, ఓర్పును, జ్ఞానాన్ని చూచెదరు. బీదవాని బక్క గొఱ్ఱెపిల్ల మొదటి పోటీలో ఓడవచ్చును. దాని యజమాని రెండవ పోటీలో గెలువవచ్చును. ఈ రెండవ పోటీని పెట్టినవారి దూరదృష్టి మెచ్చదగినది.

తీర్పు ఎట్లు చెప్పెదరు?

4-హెచ్ ప్రదర్శనలలో డేనిష్ పద్ధతి అనే తీర్పు విధానం ప్రసిద్ధమైనది. సాధారణ పోటీలో ఒకరు మొదటివారు, ఒకరు రెండవవారు, ఒకరు మూడవవారు. తక్కినవారికి ఏమీ లేదు. డేనిష్ పద్ధతిలో వస్తువును మరొక వస్తువుతో పోల్చరు, ముందుగా ప్రకటించిన ప్రమాణంతో పోల్చెదరు. ప్రమాణాన్ని చక్కగా అందుకొన్నదానికి నీలి రిబ్బను, బాగున్నదానికి ఎఱ్ఱ రిబ్బను, ఇంకా మెరుగుపడవలసినదానికి తెల్ల రిబ్బను. పదిమంది వస్తువులు ప్రమాణాన్ని అందుకొన్నచో పదిమందికీ నీలి రిబ్బనే. ఒక్కటీ అందుకొననిచో నీలి రిబ్బను ఎవరికీ లేదు. ఆపై అత్యుత్తమమైన వాటిని వేరుగా ఎన్నుకొనుట కూడా కలదు. అయిదు మొదలు ఏడేండ్ల వరకు గల పసివారికి పోటీయే ఉండదు. పాల్గొన్న ప్రతి పసివానికి గుర్తింపు లభించును.

చాల కౌంటీలలో న్యాయనిర్ణేత సభ్యుని ఎదురుగా కూర్చుండబెట్టుకొని ముచ్చటించి తీర్పు చెప్పును. ఇది ఎందుకు చేసినావు? ఎక్కడ కష్టమనిపించినది? ఈ రంగును ఎందుకు ఎన్నుకొన్నావు? మరల చేసినచో ఏమి మార్చుదువు? ఈ ప్రశ్నలకు బట్టీపట్టిన సమాధానాలు పనికిరావు. చేసినవానికి మాటలు తడబడినా విషయం దొరకును. చేయనివానికి మాటలు ధారాళంగా వచ్చినా విషయం దొరకదు. సన్నాహంలో భాగంగా పిల్లలు ఇంట్లో ఎవరో ఒకరి ఎదుట ఈ ముచ్చటను ముందుగా అభ్యసించుట మంచిది.

వ్యవస్థలోని లోపాలు

ఈ పద్ధతి నిర్దుష్టమని మేము చెప్పము. తల్లిదండ్రులు పిల్లల పనిని తామే పూర్తిచేయు అలవాటు అన్ని దేశాలలోను ఉన్నది. ధనం, కీర్తి చేరినచోట మోసం కూడా చేరును. మేలైన కోడె వేలంలో పెద్దధర పలుకుటచేత, 1990ల దశకంలో కొన్ని ప్రదర్శనల పశువులలో క్లెన్‌బ్యుటరాల్ అనే నిషిద్ధ ఔషధం బయటపడినది. కొవ్వును తగ్గించి కండను చూపించు ఆ మందు, అట్టి మాంసం తిన్న మనిషికి హాని చేయును. ఆ తరువాత పశువుల మూత్రపరీక్షలు, సభ్యులకు పశుసంరక్షణ నైతిక శిక్షణ విస్తరించినవి. బహుమతి విలువ పనివిలువను మించినప్పుడు విద్య నశించునని ఆ ఉదంతం తెలుపుచున్నది.

మరొక కష్టం హృదయానికి సంబంధించినది. మాంసానికై పెంచిన పశువు వేలం తరువాత ఇంటికి రాదు. ఏడాదిపాటు పేరుపెట్టి పిలిచిన గొఱ్ఱెపిల్లను విడిచి బాలలు కంటతడిపెట్టుట ఆ ప్రదర్శనలలో సామాన్య దృశ్యం. కొందరు దీనిని క్రౌర్యమంటారు. కొందరు అన్నం ఎక్కడనుండి వచ్చునో తెలిసికొను సత్యమంటారు. బక్రీదుకు ముందు ఇంటిలో పొట్టేలును మేపిన పిల్లలకు ఈ వేదన పరాయిది కాదు. ఆ పశువును బ్రతికినన్నాళ్లు ఆకలి, దాహం, బాధ లేకుండ చూచుకొనుట తన బాధ్యత అని బాలుడు గ్రహించుటే ఇందులోని పాఠమని మా అభిప్రాయం.

మన కళాశాలకు అన్వయం

విద్యార్థి ప్రదర్శనలు మన దేశంలోను విరివిగా జరుగుచున్నవి. వాటిని చూచినవారికి ఒక విషయం తెలియును. మెరుపుకాగితం అంటించిన ఖరీదైన నమూనాలు, కొన్ని సమయాలలో అంగడిలో కొన్న నమూనాలు, ముందువరుసలో నిలుచును. స్వంతచేతులతో చేసిన చిన్న వస్తువు మూలకు పోవును. డబ్బులేని విద్యార్థి మరుసటి ఏడు పేరే ఇవ్వడు. ఈ నష్టం పైకి కనబడదు, లెక్కకు రాదు. మన విద్యార్థులలో దర్జీల బిడ్డలున్నారు, జరీపనివారి బిడ్డలున్నారు, వడ్రంగుల, గాజులపనివారి, బట్టీ పనివారి బిడ్డలున్నారు. ఇంట తరతరాలుగా ఉన్న హునర్ కళాశాల గుమ్మం దాటి లోపలికి రానిచో, అది విద్య కాదని ఆ బిడ్డలకు మనమే నేర్పినట్లగును.

కనుక కళాశాల సంఘం వారి పరిశీలనకు అయిదు సూచనలు సమర్పించుచున్నాము.

ఒకటి: ప్రదర్శనలో పాల్గొనువారి పేర్లను, పనులను విద్యాసంవత్సర ఆరంభంలోనే నమోదు చేయవలెను. చివరివారంలో పుట్టిన నమూనాలకు స్థానం ఉండరాదు.

రెండు: ప్రతి విద్యార్థి ఒక రికార్డు పుస్తకం నడుపవలెను, అధ్యాపకులు నెలకొకసారి దానిని చూచి సంతకం చేయవలెను. తెలుగులోనైనా ఉర్దూలోనైనా వ్రాయుటకు స్వేచ్ఛ ఉండవలెను.

మూడు: ఖర్చుకు ఒక పరిమితి విధించి, లెక్కను వస్తువు ప్రక్కన ప్రదర్శించవలెను.

నాలుగు: ప్రతి విభాగానికి ప్రమాణపత్రాన్ని ముందుగానే ప్రకటించి, దానిననుసరించి తీర్పు చెప్పవలెను. ప్రమాణాన్ని అందుకొన్న వారందరికీ సమానమైన గుర్తింపు లభింపవలెను.

అయిదు: న్యాయనిర్ణేతలు ప్రతి విద్యార్థితో అతనికి చక్కగా వచ్చిన భాషలో కనీసం కొద్ది నిమిషాలు మాట్లాడవలెను. న్యాయనిర్ణేతలలో అధ్యాపకులతోపాటు ఒక దర్జీ ఉస్తాదును, ఒక వడ్రంగి మేస్త్రిని కూర్చుండబెట్టుట ఉచితం. బల్లక్రింద తడిమి చూడవలెనని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

వీటికి అదనపు ధనం దాదాపు అవసరంలేదు. పెద్ద బహుమతులకు వెచ్చించు మొత్తంతోనే అందరికీ రిబ్బనులు, పుస్తకాలు సమకూర్చవచ్చును.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! ప్రదర్శన ఒకటిరెండు దినాలలో ముగియును. బల్లలు తీసివేయుదురు, పందిరి విప్పుదురు. ఏడాదిపాటు తేదీలవారీగా వ్రాసిన పుస్తకం మీవద్ద మిగులును. తప్పిన కొలత, మరల విప్పి కుట్టిన కుట్టు, మాడిన రొట్టె, మరుసటిసారి సరిగా పొంగిన రొట్టె, అన్నీ అందులో ఉండును. ఉద్యోగానికి వెళ్లిన నాడు నీకేమి వచ్చునని అడిగినవారి ఎదుట దానిని తెరిచి చూపవచ్చును. కనుక ఈ ఏడాది ప్రదర్శనకు ఏమి తేవలెనని ఆలోచించువారు ముందుగా ఒక నోటుపుస్తకం కొని, మొదటి పుటలో నేటి తేదీని, నేర్వదలచిన పనిని వ్రాసికొని, సన్నాహం ఆరంభింతురుగాక.